గోంగూర ఈనె మీద గాటు

గోంగూర కట్ట విప్పి ఆకు తుంచేటప్పుడు ఎవరూ ఆకును తిరగేసి పట్టి పట్టి చూడరు. పండాకు ఏరేస్తాం, పురుగు తిన్నది పక్కన పడేస్తాం, కాడ తుంచుతాం, అంతే. నేనూ ముప్పై ఏళ్ళు అలాగే తుంచాను. కాలేజీలో పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పి ఇంటికొచ్చి కూడా అలాగే తుంచాను. కిందటి వానాకాలం గుంటూరులో మా పెరట్లో దానంతట అదే మొలిచిన గోంగూర మొక్క మీద చీమల బారు కనిపించింది. ఇవి ఎక్కడికి పోతున్నాయా అని ఒక ఆకు తిరగేశాను. నడిమి ఈనె మీద, కాడ అతుక్కునే చోటికి కాస్త పైన, గోటితో నొక్కినట్టు నిలువుగా ఒక చిన్న గాటు ఉంది. దాని అంచున సూదిమొనంత చుక్క మెరుస్తోంది. ఒక చీమ తల వంచి తాగుతోంది. ఇంకోటి దాని వెనకాలే ఆగి ఉంది.

పక్క ఆకు మీది చుక్కను వేలి కొసతో తీసి నాలుక మీద పెట్టుకున్నాను. తీపి. ఊరంతా పులుపు కోసం కొనుక్కునే ఆకు మీద తీపి చుక్క.

అది మకరందం. ఆ మొక్క ఇంకా మొగ్గ కూడా తొడగలేదు.

నేను చెప్పదలుచుకున్న మాట ఇది. మకరంద గ్రంథిని మనం పువ్వు పాఠంలో, పరాగసంపర్కం కింద రెండు వాక్యాల్లో చెప్పేసి వదిలేస్తున్నాం. తేనెటీగను పిలవడానికి పువ్వు పెట్టే తాయిలం అన్నట్టు చెబుతున్నాం. అలా చెప్పడం తప్పు. మకరంద గ్రంథి పువ్వు సొత్తు కాదు. మొక్క తనకు అవసరమైన చోటల్లా, తన లెక్క ప్రకారం కట్టుకునే అవయవం అది. పువ్వు ఆ చోట్లలో ఒకటి. ఈ తేడా తెలియకపోతే పరీక్షలో ఒక మార్కు పోతుంది, దానిదేముంది అనుకోవచ్చు. మా ఇంట్లో పోయింది మార్కు కాదు.

మాది సత్తెనపల్లి వైపు ఊరు. 1986లో నాకు పదేళ్ళు. నాన్న పత్తి వేశారు. పైరు మోకాలెత్తు దాటిన రోజుల్లో ఒక పొద్దున ఆయనతో చేలోకి వెళ్తే ఆకుల కింద చీమలు కనిపించాయి. "చీమలెందుకు ఎక్కుతున్నాయి నాన్నా?" అని అడిగాను. ఆయన ఆకు తిప్పి ఈనె మీద వేలు రాసి చూశారు, జిగట తగిలింది. "బంక తగిలిందమ్మా చేనుకి" అన్నారు. బంక అంటే పేనుబంక, ఆకు రసం పీల్చే చిన్న పురుగు. ఆయన ముఖంలో ఆ రోజు కనిపించిన టెన్షన్ నాకింకా గుర్తు. మధ్యాహ్నానికే మందుల షాపుకు వెళ్ళారు. షాపులో ఎవరూ ఆకు చూడలేదు. "బంకా? అయితే ఇది కొట్టు" అని డబ్బా ఇచ్చారు. అరువు మీదే. కొట్టిన నాలుగు రోజులకు మళ్ళీ చూస్తే, అవే చుక్కలు, అదే చోట. మందు పని చేయలేదని ఇంకో డబ్బా తెచ్చి డోసు పెంచి కొట్టారు. సాళ్ళ మధ్య ఎర్ర అక్షింతల పురుగులు వెల్లకిలా పడి ఉంటే నేను అగ్గిపెట్టెలోకి ఏరుకున్నాను.

పేనుబంక ఆ చేలో ఉందో లేదో ఇప్పుడు చెప్పలేను. నాన్న చూపించిన ఆ చుక్కలు మాత్రం పేనుబంకవి కావు. పత్తి ఆకు కింద నడిమి ఈనె మీద, ఒక్కోసారి పక్క ఈనెల మీద కూడా, కన్నీటి బొట్టు ఆకారంలో చిన్న గుంట ఉంటుంది. అదే గ్రంథి. ఏ తెగులూ లేని మొక్కకూ ఉంటుంది, చుక్క వస్తుంది. ఏ మందు కొట్టినా ఆగదు, ఎందుకంటే అది జబ్బు కాదు. మా నాన్న రెండు డబ్బాల డబ్బు పోసి ఆరోగ్యంగా ఉన్న ఒక అవయవానికి వైద్యం చేశారు.

ఆ తర్వాత తెల్లదోమ వచ్చింది. అది మా స్ప్రే వల్లే వచ్చిందని అనను. ఎనభైల్లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి మొత్తాన్ని అది ముంచింది. సింథటిక్ పైరిథ్రాయిడ్లు అనే పురుగుమందులు కొత్తగా వచ్చి, ప్రతిదానికీ అవే కొట్టిన రోజులవి. తెల్లదోమను తినే పురుగులు ముందే చచ్చిపోయాయి, దోమ మిగిలింది. మా చేనూ అందులో ఒకటి.

తేడా పట్టడానికి పెద్ద చదువు అక్కర్లేదు. పేనుబంక, తెల్లదోమ విసర్జించే తీపి జిగురు పై నుంచి రాలుతుంది కాబట్టి కింది ఆకుల పైభాగాన చెదురుమదురుగా పడుతుంది. నాలుగు రోజులకు దాని మీద నల్లటి మసి పడుతుంది. గ్రంథి చుక్క ఆకు అడుగున, ఈనె మీద, ప్రతి ఆకుకూ అదే స్థానంలో ఉంటుంది. ఎక్కడుందో చూస్తే చాలు. ఈ ఒక్క మాట ఆ రోజు చెప్పేవాళ్ళు లేకపోయారు. ఇరవై రెండేళ్ళు పాఠాలు చెప్పిన నేనూ నిన్నమొన్నటి దాకా చెప్పలేదు. పాఠంలో లేదని చెప్పలేదు.

లోపల ఏముందో చూద్దాం. నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే, కాస్త ఓపిక పట్టండి.

ముందు మిరప పువ్వు తీసుకోండి, గుంటూరులో దానికి కొదవ లేదు. తెల్ల రేకులు, కేసరాలు నెమ్మదిగా ఊడదీస్తే మధ్యలో పచ్చటి అండాశయం మిగులుతుంది. దాని అడుగున, చుట్టూ, కొంచెం ఉబ్బినట్టు ఒక పట్టీ ఉంటుంది. అదే గ్రంథి. సూక్ష్మదర్శినిలో కోత పెట్టి చూస్తే పైన ఒక వరస బాహ్యచర్మ కణాలు కనిపిస్తాయి. వాటి కింద చిన్న చిన్న కణాలు కిక్కిరిసి ఉంటాయి. మామూలు మృదుకణజాలంలో కణం నిండా నీటి రిక్తిక, అంటే నీటి సంచి ఉంటుంది, ఇక్కడ మాత్రం చిక్కటి కణద్రవ్యం ఉంటుంది. పని చేసే కణాలు ఇలాగే ఉంటాయి. ఇంకా కిందికి వెళ్తే కణాలు పెద్దవై వదులుగా పరుచుకుంటాయి. వాటి మధ్యకు పోషక కణజాలపు సన్నటి పాయలు వస్తాయి. ఆకులో తయారైన చక్కెర ఆ పాయల్లో ఇక్కడికి చేరుతుంది.

బయటికి వచ్చే దారి ఇంకా ముచ్చటగా ఉంటుంది. ఆ పట్టీ మీద పత్రరంధ్రాలు ఉంటాయి, ఆకు మీద ఉండే లాంటివే. కాకపోతే వీటి రక్షక కణాలకు ఎండనూ నీడనూ బట్టి తెరిచి మూసే అలవాటు పోయింది. ఊరికే తెరుచుకుని ఉంటాయి, మకరందం అందులోంచి ఊరి వస్తుంది. గాలి కోసం పెట్టుకున్న ద్వారాన్ని మొక్క ఊట కోసం వాడుకుంది.

పత్తి ఆకు గ్రంథి కట్టుబడి వేరు. అక్కడ పత్రరంధ్రాలతో పని లేదు. గుంట లోపల పొట్టి పొట్టి కేశాలు, ఒక్కోటి కొన్ని కణాల ఎత్తున, ఇసుక వేయడానికి చోటు లేనట్టు నిలబడి ఉంటాయి. తివాచీ పోగుల్లా. ఆకు ఇంకా ముడుచుకుని లేతగా ఉన్నప్పుడే ఈనె మీద ఆ చోట బాహ్యచర్మ కణాలు విభజన మొదలుపెట్టి ఈ కేశాలుగా లేస్తాయి. ఆకు విచ్చుకునే వేళకు గ్రంథి సిద్ధం. పత్తి మొక్కకు ఇలాంటివి ఆకు మీదే కాదు, మొగ్గను కప్పే పుచ్ఛాల బయటా లోపలా ఉంటాయి, పువ్వులో రక్షక పత్రావళి లోపలి అడుగున ఒక పట్టీలా కూడా ఉంటాయి. ఒకే మొక్క, నాలుగు చోట్ల గ్రంథులు, అందులో పువ్వు లోపలిది ఒక్కటే. పాఠం దాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకుంటుంది.

ఇక చక్కెర బయటికి ఎలా వస్తుంది? చాలా కాలం దీన్ని కారడం అనుకున్నారు. మొక్కలో చక్కెర ఎక్కువై, ఒత్తిడికి సన్నటి చోట ఉబికి వస్తోందని, కుండ చెమర్చినట్టు అని. ఆ ఊహ నిలవలేదు. ఆవాల కుటుంబపు చిన్న కలుపు మొక్క అరబిడాప్సిస్ మీద చేసిన పనిలో 2014లో తేలిన సంగతి ఇది. పువ్వు విచ్చుకోకముందు గ్రంథి కణాలు పిండిపదార్థాన్ని దాచుకుంటాయి. విచ్చుకునే వేళకు దాన్ని కరిగించి సుక్రోజుగా, అంటే మన వంటింటి చక్కెరగా, మళ్ళీ కడతాయి. స్వీట్9 అనే ప్రోటీను కణం పొరలో ద్వారంలా ఉండి ఆ చక్కెరను బయటికి వదులుతుంది. బయట కణకవచంలో ఇన్వర్టేజ్ అనే ఎంజైము కాచుకుని ఉంటుంది. వచ్చిన సుక్రోజును వచ్చినట్టే గ్లూకోజు, ఫ్రక్టోజుగా విరగ్గొడుతుంది. ఒక అణువు రెండవుతుంది. బయట తీపి చిక్కబడేసరికి లోపలి నీరు దాని వెంట వస్తుంది. మామిడికాయ ముక్కలకు ఉప్పు పట్టించి జాడీలో పెడితే తెల్లారేసరికి ఊట ఊరుతుందే, సరిగ్గా ఆ సూత్రమే. స్వీట్9 లేని మొక్కల్లో గ్రంథి ఉంది, మకరందం మాత్రం రాలేదు. ఇన్ని మెట్లున్న పనిని కారడం అనడం అన్యాయం.

పొగాకు జాతి పువ్వుల్లో ఇంకో విశేషం ఉంది. గ్రంథి కణాలు మకరందంలోకి కొన్ని ప్రోటీన్లను కూడా పంపుతాయి, వాటి వల్ల అందులో హైడ్రోజన్ పెరాక్సైడ్ తయారై సూక్ష్మజీవులు పెరగకుండా ఆపుతుంది. గాయాలు కడిగే ద్రవం, పువ్వు లోపల! పంచదార పాకం ఆరుబయట పెడితే ఒక్క రోజులో ఏమవుతుందో తెలిసినవాళ్ళకు దీని అవసరం అర్థమవుతుంది.

గ్రంథి పువ్వు సొత్తు కాదని నేను ఇంత గట్టిగా అనడానికి అసలు ఆధారం అది పుట్టే తీరులో ఉంది.

పువ్వులో నాలుగు వలయాలు. బయట రక్షక పత్రాలు, తర్వాత ఆకర్షణ పత్రాలు, తర్వాత కేసరాలు, మధ్యలో అండకోశం. ఏ వలయంలో ఏది రావాలో నిర్ణయించే జన్యువులు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకటి చెడితే కేసరాలు రావలసిన చోట రేకులు వస్తాయి, రేకుల చోట రక్షక పత్రాలు వస్తాయి. అరబిడాప్సిస్‌లో గ్రంథులు కేసరాల అడుగున ఉంటాయి. గ్రంథి కేసరానికి తోక లాంటిదైతే కేసరం పోయినప్పుడు అదీ పోవాలి కదా? పోలేదు. ఆ జన్యువులు చెడిన పువ్వుల్లో కూడా, కేసరం ఇంకేదో అయిపోయినా, గ్రంథి మూడో వలయంలో తన చోట తాను వచ్చింది. 2001లో ప్రచురించిన ఫలితం ఇది. నేను చాలా ఆలస్యంగా చదివాను. చదివిన రోజు పాఠం నోట్సు తీసి గ్రంథి గురించి రాసుకున్న రెండు వాక్యాలూ కొట్టేశాను.

మరి గ్రంథిని పుట్టించేది ఏది? క్రాబ్స్ క్లా అనే జన్యువు. అంటే పీత డెక్క. అది చెడిన మొక్కలో అండాశయం కొన కలుసుకోకుండా పీత డెక్కలా చీలి ఉంటుంది కాబట్టి ఆ పేరు. దాన్ని 1999లో వేరుచేసి వర్ణించారు. అది చెడితే రేకులూ కేసరాలూ అన్నీ ఉంటాయి, గ్రంథులు మాత్రం అసలు మొలవవు. అలాగని ఆ ఒక్క జన్యువునే మొక్క అంతటా పనిచేయించి చూస్తే, కనిపించిన చోటల్లా గ్రంథులు రాలేదు. అది లేకపోతే గ్రంథి లేదు, అదొక్కటే ఉంటే సరిపోదు. చోటును నిర్ణయించే వేరే సంకేతాలు దానికి తోడు కావాలి.

2005లో ఇదే జన్యువు కోసం వేరే మొక్కల్లో వెతికారు. అరబిడాప్సిస్‌కు దూరపు బంధువులైన మొక్కల గ్రంథుల్లోనూ అది పనిచేస్తూ కనిపించింది. పత్తిలోనూ కనిపించింది. పువ్వు లోపలి గ్రంథిలోనే కాదు, పువ్వు బయట ఉన్న గ్రంథుల్లో కూడా. సాళ్ళ మధ్య నాన్న వేలు రాసి చూసిన గుంటకు, ఆవ పువ్వు కేసరం అడుగున ఉన్న గ్రంథికి పుట్టుకలో చుట్టరికం ఉందన్నమాట. గోంగూర, పత్తి, బెండ, మందారం అన్నీ ఒకే కుటుంబం కాబట్టి మా పెరటి గాటు కూడా ఆ వరసలోదే అయ్యుంటుందని నా నమ్మకం.

అన్ని మొక్కలూ ఈ ఒక్క దారినే రాలేదు. ఆక్విలీజియా అనే చల్లటి దేశాల పూలమొక్కలో గ్రంథిని కట్టేది క్రాబ్స్ క్లా కాదు, స్టైలిష్ అనే వేరే జన్యువులు. పువ్వే ఎరగని బ్రాకెన్ అనే ఫెర్న్ మొక్క ఆకు కాడ మీద తీపి గ్రంథులున్నాయని డార్విన్ కొడుకు ఫ్రాన్సిస్ డార్విన్ 1870ల్లోనే రాశారు. పువ్వు లేని మొక్కకు మకరంద గ్రంథి! ఈ ఒక్క ఉదాహరణ చాలు మన పాఠం అధ్యాయం మార్చడానికి. పువ్వు బయట గ్రంథులున్న మొక్కలు వందకు పైగా కుటుంబాల్లో, దాదాపు 4000 జాతుల దాకా లెక్కకు వచ్చాయి.

పాఠం ఇలా ఎందుకు తయారైందో కూడా అర్థం చేసుకోవచ్చు. మకరంద గ్రంథికి లాటిన్‌లో పేరు పెట్టిన లిన్నేయస్ పువ్వు చూసే పెట్టాడు. ఆ తీపి కీటకాల కోసమని, బదులుగా కీటకాలు పరాగసంపర్కం చేస్తాయని జర్మనీలో స్ప్రెంగెల్ 1793లో పుస్తకం వేశాడు, అదీ పువ్వు గురించే. పువ్వు బయటివి వేరే రకమని 1848లో కాస్పరీ విడదీశాడు. మనం ఆ మొదటి సగం దగ్గరే ఆగిపోయాం.

ఇంతకీ ఆకు మీద తీపి ఎవరి కోసం? కాపలా కోసం. చీమలు, అక్షింతల పురుగులు, పురుగు గుడ్లలో తమ గుడ్లు పెట్టే చిన్న కందిరీగలు ఆ చుక్క కోసం వస్తాయి, వచ్చినవి ఆకు మీద తిరుగుతాయి, తిరుగుతూ పురుగు గుడ్లనూ పిల్లలనూ పట్టుకుంటాయి. పత్తిలోనూ ఆముదంలోనూ గొంగళి ఆకు కొరికితే ఆ ఆకు గ్రంథి ఎక్కువ ఊరుతుందని ప్రయోగాల్లో చూశారు. దెబ్బ తగిలిన చోటే జీతం పెంచి మనుషులను పిలవడం. ట్రైకోగ్రామా అనే ఆ చిన్న కందిరీగల కార్డులు తెచ్చి చేలో కడుతున్నాం కదా, ఆ కార్డులోంచి బయటికొచ్చే కందిరీగకు తిండి ఏది? ఆ చుక్కే. ఆకు మీది తీపిని తెగులు అనుకుని మందు కొట్టే రైతు, డబ్బు పెట్టి తెచ్చుకున్న కార్డును తనే పాడుచేసుకుంటున్నాడు. మొక్క ఒళ్ళంతా పాకే అంతర్వాహిక మందులు వాడితే మందు ఆ చుక్కలోకే చేరుతుంది. అలాంటి మకరందం తాగిన కందిరీగల ఆయుష్షు తగ్గిందని, పురుగును వెతికే నేర్పు దెబ్బతిందని పత్తి మీదే చూశారు.

నాతో పనిచేసిన ఒక మాస్టారు దీనికి ఎదురు చెప్పారు, సరైన ఎదురే. "ఆ తీపి శనగపచ్చ పురుగు తల్లి రెక్కల పురుగులూ తాగుతాయి కదమ్మా, వాటికి విందు పెట్టినట్టు కాదా?" అన్నారు. తాగుతాయి. అందుకే హవాయి దీవుల అడవి పత్తి గాసిపియం టొమెంటోసమ్ నుంచి, పువ్వు బయట గ్రంథులు లేని గుణాన్ని సాగు పత్తిలోకి తెచ్చారు. రెండు అంతర్గత జన్యువుల (జంటగా ఉంటేనే బయటపడేవి) మీద నడిచే గుణమని 1961లో తేల్చారు. గ్రంథులు లేని పత్తి మీద కొన్ని రసం పీల్చే నల్లులు తగ్గాయి, నిజమే. కందిరీగల పని కూడా తగ్గింది. హవాయిలో స్థానికంగా పుట్టిన చీమలే లేవు. కాపలా దొరకని చోట కూలి ఇవ్వడం మానేసింది ఆ పత్తి అని అంటారు, నాకూ అదే సబబుగా తోస్తుంది. చీమలు బారులు కట్టే పల్నాడులో మాత్రం, గ్రంథి తీసేయడం కన్నా మన మందు చెయ్యి తగ్గించుకోవడమే మేలంటాను. నేను ఆ మాస్టారికి ఇదే చెప్పాను. ఆయన పూర్తిగా ఒప్పుకోలేదు.

పిల్లలకు ఎలా చెప్పాలి అంటే, నేనిప్పుడు పువ్వుతో మొదలుపెట్టడం లేదు. గోంగూర ఆకుతో మొదలుపెడుతున్నాను. బజారు కట్ట పనికిరాదు, నీళ్ళు చల్లి చల్లి చుక్క కడిగేసి ఉంటుంది, గాటు మాత్రం కనిపిస్తుంది. కుండీలో మొక్క ఉంటే పొద్దున్నే లేత ఆకు చూడాలి. తర్వాత ఆముదం ఆకు. కాడ ఆకును కలిసే చోట రెండు బుడిపెలు కంటికే కనిపిస్తాయి. తంగేడు ఆకులో జత ఆకుల మధ్య కడ్డీలా నిలబడి ఉంటుంది, తుమ్మ ఆకు కాడ మీద చిన్న గిన్నెలా ఉంటుంది. ఇవన్నీ చూసిన పిల్లలు చివరికి మిరప పువ్వు విప్పినప్పుడు, "ఇక్కడ కూడా ఉంది మేడం" అంటారు. ఆ "కూడా" కోసమే ఈ వరస.

సంక్రాంతికి నాన్న వచ్చి మా ఇంట్లో ఉన్నారు. చూపు తగ్గింది కానీ పదింతలు పెద్దగా చూపే లెన్సు చేతికిచ్చి కంటికి ఆనించి పట్టుకోమంటే కుదిరింది. పెరట్లో కుర్చీ వేసి గోంగూర ఆకు తిరగేసి ఇచ్చాను. చాలాసేపు చూశారు.

"ఊరుతోందే" అన్నారు.

"ఊరుతుంది నాన్నా. అదే దాని పని."

ఇంకో ఆకు తిరగేశారు. దానికీ ఉంది. ఇంకోటి. లెన్సు దించకుండానే అడిగారు, "మన పత్తికీ ఇదేనా?"

"ఇదే నాన్నా. ప్రతి ఆకుకీ."

ఆయన ఏమీ అనలేదు. ఈనె మీదికి ఎక్కిన చీమను దులపబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నారు.